మర్యాదకు పోయిన జాడీ

మా అమ్మ చేతిరాత ఉన్న చివరి జాడీని నేను పోగొట్టుకున్నది ఆమె పోయిన నలభయ్యో రోజున. దొంగలు పడలేదు, చెయ్యి జారి పగలలేదు. "నచ్చిందా? అయితే మీదే, తీసుకెళ్ళండి" అన్నాను. వచ్చినామె తీసుకెళ్ళిపోయింది.

ఇరాన్‌లో, మా లంగరూద్ ఊళ్ళో అలా జరగకూడదు. ఇంటికొచ్చినవాళ్ళు ఒక వస్తువును మెచ్చుకుంటే మనం "మీదే" అనాలి. వాళ్ళు "అయ్యో, వద్దండీ" అనాలి. ఇలా మూడుసార్లు జరగాలి. ఆ తర్వాత వస్తువు ఉన్నచోటే ఉంటుంది, ఇద్దరి పరువూ నిలబడుతుంది. ఈ పద్ధతి మీద నాకు ఫిర్యాదు లేదు. పద్ధతి పాటించని మనుషుల మీద ఉంది.

నిజానికి ఆ రోజు నలభయ్యో రోజు తంతుకని బంధువులూ ఊరివాళ్ళూ వస్తుంటే, పొద్దుటి నుంచీ మా కొట్టుగది ఖాళీ అవుతూనే ఉంది. ఆలివ్‌లు, చెర్రీ మురబ్బా, నారింజ రసం సీసాలు, ఎవరేది మెచ్చుకుంటే అది ఇచ్చేశాను. వాళ్ళు మూడుసార్లు వద్దంటే నేను నాలుగోసారి బలవంతపెట్టాను. నలుగురిలో ఏడవడం కన్నా ఇచ్చెయ్యడం తేలిక.

కాని ఆ ఒక్క జాడీ ఇవ్వాలనుకోలేదు. అది ఏడేళ్ళ వెల్లుల్లి. పొట్టు తీసిన గడ్డలను సిర్కాలో, అంటే వెనిగర్‌లో, వేసి మూత బిగిస్తే ఏడో ఏటికి నల్లగా, తియ్యగా ఊరుతుంది. అమ్మ పెట్టి ఆరేళ్ళయింది. జాడీ మీద ఆమె రాసిన చీటీ ఉంది.

అమ్మ నలభై ఎనిమిదో ఏట నా దగ్గరే అక్షరాలు నేర్చుకుంది. వెల్లుల్లిని మా భాషలో సీర్ అంటాం. 'స' శబ్దానికి మా లిపిలో మూడు అక్షరాలున్నాయి. అమ్మ ప్రతిసారీ తప్పుదాన్నే ఎంచుకునేది. మిగతా జాడీల చీటీలన్నీ నేను పీకేసి, తప్పుల్లేకుండా తిరిగి రాసి అంటించాను. ఇది అర వెనకాల ఉండి నా కంట పడలేదు. నేను మంచి ఉపాధ్యాయుణ్ణని ఊరంతా అంటారు.

తీసుకెళ్ళినామె పేరు ఫరంగీస్. ఊరి బయట చేను ఉన్న మష్ రహ్మత్ కూతురు. అమ్మ ఏటా కూరలు, వెల్లుల్లి కొనేది వాళ్ళ దగ్గరే. ఆమె ఆ జాడీని ఎత్తి పట్టుకుని చీటీ చదివి, "ఎంత బాగుందో!" అంది. నేను ఒకే ఒక్కసారి "మీదే" అన్నాను. ఆమె ఒక్కసారి కూడా వద్దనలేదు. చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

వారం తర్వాత తిరిగి అడుగుదామని చేనుకు వెళ్ళాను. దారి పొడవునా వాక్యం సిద్ధం చేసుకున్నాను. "ఆ రోజు నేను కాస్త పరధ్యానంగా ఉన్నాను" అని మొదలై, "మీకు శ్రమ ఇవ్వడం నా ఉద్దేశం కాదు" మీదుగా తిరిగి, ఎక్కడో చివర్లో జాడీని తాకే వాక్యం. పిల్లల వ్యాసంలో కనిపిస్తే ఎర్రసిరాతో కొట్టేస్తాను.

ఫరంగీస్ రబ్బరు బూట్లు వేసుకుని కాలవలో ముల్లంగి కడుగుతోంది. సన్నగా తుంపర పడుతోంది.

"రండి మాస్టారూ. ఏం కావాలి?"

"ఏం లేదు. ఇటుగా వెళ్తూ..."

"ఇటుగా ఎక్కడికి? మా చేను దాటితే బురద తప్ప ఏమీ లేదు."

వాక్యం మొత్తం మరిచిపోయాను. "సోయకూర ఉందా?" అన్నాను.

"ఎంత?"

"ఎంతుంటే అంత."

ఆమె తూచింది. ఆరు కిలోలు. "ఒక్కరే కదా ఉండేది? గుర్రం ఏమైనా కొన్నారా?"

ఆ వారం మా ఇంట్లో మంచం మీద, బల్ల మీద, గ్రామర్ పుస్తకాల మీద సోయకూరే ఆరింది. పరీక్ష పేపర్లు దిద్దాలంటే ముందు కూర పక్కకు జరపాల్సి వచ్చేది. పక్కింటి సొఘ్రా పిన్ని గోడ మీంచి చూసి నిట్టూర్చింది.

"ఈరజ్, నాయనా, ఆ కూర కిటికీ దగ్గర్నుంచి తియ్యి. ఎండ తగిలితే గడ్డిలా అయిపోతుంది. అయినా ఇంత ఎందుకు కొన్నావు?"

"బాగుందని, పిన్నీ."

"కూరా?"

నేను కూరను కిటికీ దగ్గర్నుంచి జరిపాను. పిన్ని కూడా మర్యాదస్థురాలే, మళ్ళీ అడగలేదు. వీధంతా చెప్పింది, అంతే.

తర్వాతి వారం మళ్ళీ వెళ్ళాను. ఈసారి చిన్న వాక్యం కట్టుకున్నాను. పది కిలోల చిక్కుడుతో తిరిగొచ్చాను. ఆ గింజలకు పైతోలు ఒకటి, లోతోలు ఒకటి. రెండూ ఒలిచి, ఉడకబెట్టి, ఎండబెట్టి, డబ్బాలకెత్తాను. ఆ పై వారం ఇంకా చిన్న వాక్యం, ఇంకా పెద్ద మూట. ఒక్క జాడీ తిరిగి అడగలేక ఆ వేసవి దాటేలోపు నేను నలభై జాడీలు పెట్టాను. ఎవరైనా ఇంతకంటే తెలివిగా దుఃఖించి ఉంటారేమో. నాకు తెలియదు.

ఎండలు ముదిరే వేళకి వెల్లుల్లి తవ్వారు. వసారా నిండా గడ్డలు పరిచి ఉన్నాయి. ఆమె వాటి మధ్య బాసీపట్లు వేసుకుని కూర్చుంది. నేను నోట్‌బుక్ తీశాను.

"ఏడేళ్ళకు పెట్టేదైతే గట్టి గడ్డలు ఏరుకోండి. మెడ సన్నగా ఉండాలి. రెబ్బ విడిందంటే పనికిరాదు. రెండు రోజులు నీడన ఆరనిచ్చి, పైపొట్టు తీసి, సిర్కా పొయ్యండి."

"ఉప్పు ఎంత?"

"తగినంత."

"తగినంత అంటే?"

"చాలినంత."

"ఫరంగీస్ గారూ, నేను రాసుకుంటున్నాను."

"రాసుకోండి మరి. త, గి, నం, త."

రాసుకున్నాను. ఆమె నా నోట్‌బుక్కులోకి తొంగి చూసింది. వంగినప్పుడు ఆమె తలగుడ్డ లోంచి వెంట్రుక ఒకటి జారి నా పేజీ మీద పడింది. నేను దాన్ని తియ్యలేదు. నాకు విరామచిహ్నాల మీద గౌరవం ఉంది.

"తేనె?"

"ఒక చెంచా. మీ అమ్మగారైతే రెండు వేసేవారు."

"మీకెలా తెలుసు?"

"ఆ జాడీ ఆవిడ ఈ వసారాలోనే కదా పెట్టింది. గడ్డలు ఒలిచింది నేనే. చీటీ రాస్తుంటే పెన్ను ఆగిపోయింది, పెన్సిలు తెచ్చిచ్చాను. 'మా వాడు చూస్తే దిద్దేస్తాడు, వెనకాల దాచిపెడతా' అన్నారు."

వాన వచ్చేలా ఉందని నేను ఆకాశం వైపు చూశాను. చాలాసేపు చూశాను. ఆమె వెల్లుల్లి మెడలు కోస్తూ కూర్చుంది. ఇంతకన్నా మంచి సందర్భం రాదని నాకు తెలుసు.

"ఆ జాడీ..." అన్నాను.

ఆమె చేతిలో కత్తి ఆగింది. "ఆఁ, ఆ జాడీ?"

"ఆ జాడీ... బాగుందా?"

"కులాసాగా ఉంది. మిమ్మల్ని అడిగానని చెప్పమంది."

ఇరవై కిలోల వెల్లుల్లి కొన్నాను.

టమాటాలు వచ్చేసరికి ఆమె నా రాక గురించి తండ్రితో పందేలు కడుతోందని తెలిసింది. ఆదివారం వస్తానా, సోమవారం వస్తానా అని. మష్ రహ్మత్ బుట్ట మోసుకొస్తూ నన్ను ఎగాదిగా చూసి, "మాస్టారూ, మీ ఇంట్లో ఎంతమంది?" అని అడిగాడు. ఒక్కణ్ణేనన్నాను. ఆయన బుట్ట దించి, "దేవుడు అరిగించుగాక" అని వెళ్ళిపోయాడు.

ఫరంగీస్ టమాటాలు ఏరుతూ మామూలుగా అన్నట్టు అంది. "నాన్న ఆ వెల్లుల్లి జాడీ తెరుద్దామంటున్నాడు. తెల్ల చేపలు తెచ్చాడు. ఏడేళ్ళ దాకా ఆగేదేమిటి, ఆరేళ్ళు చాలవా అని. మీరేమంటారు?"

ఆమె నా మొహంలోకే చూస్తోంది. తెరిస్తే మూత మీంచి కిందకి అంటించిన ఆ చీటీ చిరుగుతుంది. 'తెరవకండి' అన్న మాట నా గొంతులో తయారుగా ఉంది. ముప్ఫై ఏళ్ళ పెంపకం దాని మీద కూర్చుని ఉంది.

"తప్పకుండా తెరవండి" అన్నాను. "మీదే కదా."

ఆమె చేతిలో ఉన్న పండు చితికింది. "తీసుకెళ్ళండి మాస్టారూ, ఈ టమాటాలు కూడా మీవే. బాగా ఉడికించండి. కొన్ని ఎంతసేపు ఉడికించినా పచ్చిగానే ఉంటాయి."

ఇంటికొచ్చి టమాటా రసం పొయ్యి మీద పెట్టి, కలపడం మరిచి, తెచ్చిన ముప్ఫై కిలోలూ మాడ్చేశాను. సొఘ్రా పిన్ని పొగ చూసి పరుగెత్తుకొచ్చింది.

"ఒరేయ్, ఏమైందిరా?"

"ఏం లేదు పిన్నీ. ఒకావిడ చేపలు తింటోంది."

పిన్ని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

ఆ తర్వాత రెండు నెలలు నేను చేనుకు వెళ్ళలేదు. కోపం అనుకున్నాను. కోపమైతే ప్రతి ఆదివారం చొక్కా ఇస్త్రీ చేసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి రావడం ఏమిటో అర్థం కాలేదు. క్లాసులో ఒక పిల్ల తప్పు 'స' రాసింది. దిద్దబోయి ఆగాను. ఆ పిల్ల నా చేతి వైపే చూస్తోంది. "ఇది సరైనది కాదు, కాని చదవగలిగాను" అన్నాను. మా హెడ్మాస్టారు వింటే సెలవు పెట్టుకోమనేవారు.

ఆ సాయంత్రం బడి నుంచి నేరుగా చేనుకు వెళ్ళాను. గట్టి వాన. చేను మొత్తం దున్నేసి ఉంది. ఫరంగీస్ వసారాలో సంచులు మడత పెడుతోంది. నన్ను చూసి లేవలేదు.

"ఏమీ మిగల్లేదు మాస్టారూ. మట్టి కొంటారా? తడి మట్టి, తాజాది. సిర్కాలో వేసుకోవచ్చు."

కొనడానికి ఏదీ లేకపోవడం నాకు మేలు చేసింది. గొడుగు లేదు, సాకు లేదు, సిద్ధం చేసుకున్న వాక్యం కూడా లేదు.

"నాకు మా అమ్మ జాడీ కావాలి" అన్నాను. "ఆ రోజు మీదే అన్నది అబద్ధం. అది మీది కాదు, నాది. తెరిచేసి ఉంటే ఆ చీటీ ముక్కలైనా ఇవ్వండి."

ఆమె సంచి పక్కన పెట్టింది. గుండెల నిండా ఊపిరి తీసుకుంది. "ఎనిమిది నెలలు!" అంది. "గాడిద కూడా ఈపాటికి మాట్లాడేది."

లోపలికి వెళ్ళి జాడీ తెచ్చింది. దుప్పటి ముక్కలో చుట్టి ఉంది. మూత తీయలేదు. చీటీ చెమ్మకు పాడవకుండా మీద ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంది. తప్పు అక్షరం అలాగే ఉంది.

"ఆ రోజు మీరు ఇల్లంతా పంచిపెడుతున్నారు" అంది. "మీ మేనత్త ఎవరో దీని మీద చెయ్యి వేసి, మెచ్చుకోవడానికి నోరు తెరిచారు. ఆవిడకంటే ముందు నేను మెచ్చుకున్నాను. మర్నాడే తెచ్చిచ్చేద్దామని."

"తేలేదే?"

"జ్వరమొచ్చి వారం మంచం దిగలేదు. లేచి బయటికొచ్చేసరికి మీరే వచ్చారు, సోయకూర కొన్నారు. సరే, నోరు తెరిచి అడుగుతారేమో చూద్దామనుకున్నా. చాలా రోజులు అదే చూశా." ఆమె సంచి మళ్ళీ చేతిలోకి తీసుకుని మడత విప్పి, మళ్ళీ మడిచింది. "తర్వాత, అడక్కపోతే బాగుండునని చూశా. అడిగేస్తే ఇక రారు కదా."

"మరి చేపలూ, తెరవడమూ?"

"అది మీకు నోరు వస్తుందేమోనని. నాకే ఎదురుతిరిగింది. రెండు నెలలు రాలేదు మీరు."

చూరు మీంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. నేను జాడీని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను.

"వచ్చే ఆదివారం వస్తాను" అన్నాను.

"దేనికి? జాడీ దొరికిందిగా. చేలో ఏమీ లేదు."

"తెలుసు."

"మర్యాదకు అంటున్నారా?"

"కాదు."

"అయితే పూర్తి వాక్యం చెప్పండి. కర్త, కర్మ, క్రియ అన్నీ ఉండాలి. సగం సగం చెబితే మార్కులు వెయ్యను."

పదిహేనేళ్ళుగా ఇతరుల వాక్యాలు దిద్దుతున్నాను. ఆ ఒక్కటి కట్టడానికి నాకు పట్టినంత సేపు మా ఆరో తరగతిలో ఏ మొద్దబ్బాయికీ పట్టలేదు.

"నేను నిన్ను పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను, ఫరంగీస్."

ఆమె వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "కర్త ఉంది. కర్మ ఉంది. 'గారు' పోయింది, పర్లేదు." అప్పుడు మొహం పక్కకు తిప్పుకుంది. "కాని మొదటిసారికే ఒప్పుకుంటే మా వంశంలో ఎవరూ నాతో మాట్లాడరు. మూడుసార్లు అడగాలి."

రెండోసారి అడిగాను. వాన వసారాలోకి కొట్టడం మొదలుపెట్టింది. ఇద్దరం గోడకు జరిగాం.

"సరే" అంది.

"ఇంకోసారి ఉందిగా?"

"మూడోది నాకు ఉంచండి. పోట్లాడుకున్నప్పుడు పనికొస్తుంది."

ఇంట్లోంచి మష్ రహ్మత్ గొంతు వినిపించింది. "ఎవరే, ఆ మాస్టారేనా? ఇంకా ఏం కొంటాడట?"

"ఏం లేదు నాన్నా, వాన తగ్గేదాకా నిలబడ్డారు!"

"లోపలికి రమ్మను! ఇల్లు ఆయనదే అని చెప్పు!"

ఫరంగీస్ నా వైపు చూసి పెదవి కొరుక్కుంది. నేను "అయ్యో, వద్దండీ" అని కేకేశాను. వెళ్ళి టీ తాగాను. వాన గురించి, వరి గురించి, బడి కప్పు కారడం గురించి గంటన్నర మాట్లాడుకున్నాం. అసలు సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు.