మంచు వేళ ఆగే మిషను

“గ్యాసు దొంగతనంగా అమ్ముకున్నానంట సార్. ముత్యాలయ్య రేవంతా చాటినాడు,” అన్నాడు హెబ్రోను, కుర్చీ అంచున కూర్చుని. కావలిలో పేరున్న మెకానిక్కు.

అది 1966 డిసెంబరు. నెల్లూరులో ప్రైవేటు డిటెక్టివు పద్మనాభయ్య గారు కళ్లు సగం మూసుకుని వింటున్నారు. పక్కన అసిస్టెంటు గంగాధరం రాసుకుంటున్నాడు.

జువ్వలదిన్నెలో రొయ్యల వ్యాపారి ముత్యాలయ్య కొత్తగా చల్లబండి, అంటే సరుకు చెడకుండా చల్లగా ఉంచే బండి, కొన్నాడు. కంప్రెసర్ ఆడితే గ్యాసు తిరిగి బండి పెట్టె చల్లబడుతుంది. చలి ముదిరినప్పటి నుంచీ తెల్లవారుజామున కంప్రెసర్ కాసేపు ఆడి ఆగుతోంది, మళ్లీ ఆడుతోంది, మళ్లీ ఆగుతోంది. పెట్టె చల్లబడక రెండు లోడ్లు పాడయ్యాయి. అందులో గ్యాసు నింపింది హెబ్రోనే.

“ఎండలోనో?” అని అడిగారు డిటెక్టివు గారు.

“పదింటికి నేను పోయేసరికి చక్కంగా ఆడతా ఉంటాది సార్. మిట్టమధ్యాహ్నం కూడా ఆగదు. ఆగేది నా కంట పడదు, తప్పేందో చూపలేను. గ్యాసు నిండా ఉందంటే ఎవురూ నమ్మరు. ఇంక నా చేతికి బండెవురిస్తారు?”

పద్మనాభయ్య గారు చిన్నగా నవ్వారు. ఇందులో నవ్వడానికేముందో గంగాధరానికి బోధపడలేదు, ఒళ్లు మండింది కూడా.

మర్నాడు తెల్లవారేసరికి ముగ్గురూ రేవులో ఉన్నారు. మంచు దట్టంగా దిగింది. వలలు, రొయ్యల తట్టలు, ఉప్పు కుప్పలు, బండి పక్కనున్న మిషను, అన్నీ గోనెలు కప్పుకుని ఉన్నాయి. ముత్యాలయ్య తల్లి కామమ్మ వాటిని సర్దుతోంది. కంప్రెసర్ పావుగంట ఆడి టక్కున ఆగింది.

“చూసినారా అయ్యా, వీడి దొంగతనం!” అన్నాడు ముత్యాలయ్య.

పద్మనాభయ్య గారు పైపుల అతుకులన్నీ తడిమారు. ఎక్కడా నూనె మరక లేదు. కంప్రెసర్ నుంచి బయటికొచ్చే పైపును ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

“నువ్వూ చూడు, గంగాధరం.”

గంగాధరం వేళ్లు చురుక్కుమన్నాయి. ఇంత చలిలో ఇంత వేడా!

“అందరినీ పిలవండి,” అన్నారాయన.

పడవల వాళ్లు, తట్టల వాళ్లు చుట్టూ చేరారు.

“గ్యాసు తగ్గిన మిషను ఎండకే ముందు చేతులెత్తేస్తుంది. ఇది ఎండలో ఆడి చలిలో ఆగుతోంది. అంటే గ్యాసు ఉంది. గ్యాసు కారితే అతుకుల దగ్గర నూనె మరక పడాలి, ఒక్కటీ లేదు. పైపేమో కాలిపోతోంది. పెట్టెలో నుంచి లాగిన వేడి మిషను ముందున్న ఈ ఇనప జాలీ గుండా బయటికి పోవాలి. పోయే దారి లేక లోపల ఒత్తిడి పెరుగుతోంది. మిషను పగిలిపోకుండా స్విచ్చి ఆపేస్తోంది. ఒత్తిడి తగ్గగానే మళ్లీ ఆడుతోంది.”

ఆయన జాలీ మీది రెండు మడతల గోనె లాగేశారు. కంప్రెసర్ మళ్లీ అందుకుంది. పావుగంటైంది, అరగంటైంది. ఆగలేదు.

కామమ్మ ముఖం పాలిపోయింది. “మంచు తగలకుండా నేనే కప్పినా నాయనా. ఎండెక్కినాక తీసేస్తా. ఈ నెలల్లో అన్నిటికీ కప్పుతాం గదా!”

“నీకు కనపడలేదా ముత్యాలయ్యా?”

“రేవులో గోనె ఎవురికి కనపడతాదయ్యా!” ముత్యాలయ్య తల వంచుకుని హెబ్రోను పక్కకొచ్చాడు. “తప్పయిపోయింది తమ్ముడూ,” అన్నాడు గొణుగుతూ.

గురువు గారి తెలివికి పొంగిపోతున్న గంగాధరం హెబ్రోను వంక చూసి ఆగిపోయాడు. అతని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

“నన్ను దొంగన్నప్పుడు చెవిలో చెప్పలేదన్నా నువ్వు.”

కామమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని రొయ్యల వేలం పాట జరిగే దిబ్బ మీదికి నడిపించింది. ముత్యాలయ్య జనం వైపు తిరిగాడు.

“అందరూ ఇనండి! హెబ్రోను దొంగ కాదు. తప్పు మా ఇంటిది!”

“ఇంకా గట్టిగా చెప్పు,” అంది కామమ్మ.