మేకుకి తగిలించిన బూట్లు

"వాణ్ణి ప్రాణంతో తీసుకురావాలి," అన్నాడు చీఫ్ మూడోసారి.

వేడ్ ట్రూలక్ బల్ల మీది ఫొటో వంక చూస్తున్నాడు. ఎజ్రా మిమ్స్. పదకొండేళ్లు తనతో కలిసి పనిచేసిన ఏజెంట్. ఆగస్టులో సౌత్ కరొలైనా తీరాన ఉప్పునీళ్లలో శవమై తేలాడు. మెడ మీద సూది గుర్తు. కాళ్లకి బూట్లు లేవు.

"చంపింది తూనీగ. విదేశీ ముఠాలో ఆ పేరు తప్ప మొహం ఎవరికీ తెలీదు. మన జలాంతర్గాములు తిరిగే దారులన్నీ ఉన్న మైక్రోఫిల్మ్ ఇప్పుడు వాడి దగ్గరుంది. ఇవాళ సింకింగ్ సూజీ అనే బార్‌కి వస్తాడు. నాలుగుంపావుకి పడవ. ఫిల్మ్ అది ఎక్కిందా, మన పని ఖాళీ."

"గుర్తు?"

"ఉల్లిపాయలు మాడ్చిన బర్గర్ అడుగుతాడు. కామిల్ కబురు."

కామిల్ డబుల్ ఏజెంట్. ముఠాలో ఉంటూ వీళ్లకి వార్తలు మోస్తుంది. చూస్తే కళ్లు తిప్పుకోలేని మనిషి. ఎజ్రాని నగరంలో మోటెల్ గదిలో చంపి నీళ్లలో పడేశారని చెప్పింది కూడా ఆమే.

"ప్రాణంతో," అన్నాడు చీఫ్ మళ్లీ.

"అలాగే సార్. ప్రాణం పోకుండా ఎంతదాకా వెళ్లొచ్చో మాత్రం మీరు చెప్పలేదు."

సింకింగ్ సూజీ నీళ్లలో పాతిన గుంజల మీద ఒక పక్కకి ఒరిగి నిలబడింది. గ్లాసు బల్ల మీద పెడితే దానంతటదే గోడవైపు నడుస్తుంది. కౌంటర్ మీద ఎండబెట్టిన మొసలి, దాని నెత్తిన పెళ్లికూతురి మేలిముసుగు. ఇవేవీ ఎవరికీ పట్టవు. జనం నలభై మైళ్ల నుంచి వచ్చేది డెబ్బై ఏళ్ల యూలా పెద్దమ్మ కాల్చే బర్గర్ కోసం.

వేడ్ పడవ మోటార్లు అమ్మేవాడి వేషంలో వెళ్లాడు. టోపీ అంచులో చీఫ్‌తో మాట్లాడే ట్రాన్స్‌మిటర్, జేబులో పిస్టల్.

"మోటార్లు అమ్మేవాడిలా లేవు నాయనా," అంది యూలా పెనం మీంచి తల ఎత్తకుండా. "మోటారు పోగొట్టుకున్నవాడిలా ఉన్నావు."

కిటికీ పక్కన కామిల్ కూర్చుంది. తెల్లగౌను, ఎర్రపట్టు హైహీల్స్. సిగరెట్‌కి నిప్పు అడిగే నెపంతో దగ్గరికి వచ్చి గుసగుసలాడింది. "ఈ కంపు బార్‌కి రావడం ఇదే మొదటిసారి. గుమ్మం దగ్గర ముసలాణ్ణి చూడు."

అప్పుడే ఆ ముసలాడు కేకేశాడు. "యూలా, ఉల్లిపాయలు బొగ్గు చెయ్యవే."

వేడ్ వేళ్లు పిస్టల్ మీద బిగిశాయి. చీఫ్ మాట చెవిలో ఉంది. కానీ రెండు నెలలుగా కళ్లు మూసుకుంటే ఎజ్రా వట్టి పాదాలే కనిపిస్తున్నాయి. కాల్చేస్తే ఏమవుతుంది, ఉద్యోగం పీకుతారు. పీకనీ అనుకున్నాడు.

యూలా అట్లకాడతో పెనాన్ని టంగుమని కొట్టింది. "పౌర్ణమి పోటొచ్చింది. బూట్లు విప్పండర్రా."

నేలచెక్కల సందుల్లోంచి నీళ్లు పైకి వచ్చాయి. అందరూ బూట్లు విప్పి ఆమెకి అందించారు. ఆమె వాటిని గోడ మేకులకి తగిలించింది. ముసలాడు కూడా విప్పేసి, రెండు కాళ్లూ బల్ల మీదికి చాచి, పేపర్‌లో చేపల ధరలు చదువుకుంటున్నాడు. పది నిమిషాల్లో పడవెక్కి పారిపోయేవాడు అలా కూర్చోడు.

వేడ్ తన బూట్లు ఇస్తూ గోడ చూశాడు. ఒక జత మీద దుమ్ముంది. వాటికి లేసులకి బదులు గాలం దారం. అలా కట్టుకునే మనిషి వేడ్‌కి ఒక్కడే తెలుసు.

"ఇవెవరివి పెద్దమ్మా?"

"ఆగస్టు పోటునాడు ఒకతను విప్పాడు. వరండాలోంచి ఎవరో ఆడమనిషి పిలిస్తే వట్టికాళ్లతోనే వెళ్లాడు. సగం బర్గర్ వదిలేసి పోయాడంటే వస్తాడులే అనుకున్నా."

అంటే ఎజ్రా చచ్చింది మోటెల్లో కాదు. వేడ్ మెల్లగా కిటికీవైపు తిరిగాడు. చీలమండల దాకా నీళ్లొచ్చినా కామిల్ ఆ పట్టు హీల్స్ విప్పలేదు.

"చెప్పులియ్యి అమ్మాయ్," అంది యూలా. "తోలు నానితే కంపు. విప్పనివాళ్లకి ఇక్కడ బర్గర్ లేదు."

"నాకు బర్గర్ వద్దు."

బార్ అంతా చప్పుడు ఆగిపోయింది. యూలా ఎదురుగా ఆ మాట అన్నవాళ్లు ఇంతవరకు లేరు.

బయట పడవ చప్పుడైంది. కామిల్ వరండాలోకి పరిగెత్తింది. వేడ్ అడ్డుపడితే జుట్టులోంచి సూది లాగి మెడకి గురిపెట్టింది. అతను మణికట్టు మెలితిప్పాడు. సూది నీళ్లలో పడింది. ఆమె వదిలించుకుని, చివరికి చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని దూకేసింది.

ఊరివాళ్లెవరూ అక్కడ దూకరు. గుండెలోతు నీళ్లు, అడుగున మోకాళ్లు మింగే బురద. కామిల్ పడవకి బారెడు దూరంలో కూరుకుపోయింది. హీల్స్ పడవలోకి విసరబోతుండగా వేడ్ పడవ అంచు పగిలేలా కాల్చాడు. పడవవాడు తుపాకీని చూశాడు, ఆమెని చూశాడు, తన దారి తను చూసుకున్నాడు.

వేడ్ వరండా గుంజకి వేలాడే తాడు తీసుకుని అంచున కూర్చున్నాడు. యూలా కాగితంలో పెట్టిన బర్గర్ తెచ్చి ఒళ్లో పెట్టింది.

"తాడు వెయ్యి," అంది కామిల్. నీళ్లు భుజాల దాకా వచ్చాయి. "లేకపోతే ఫిల్మ్ నీళ్లలో వదిలేస్తా."

"వదిలెయ్. ఆ దారులు మాకు కంఠతా వచ్చు."

చెప్పులు ఎగిరొచ్చి అతని పక్కన పడ్డాయి. ఎడమ చెప్పు మడమ తిప్పితే ఫిల్మ్ బయటపడింది.

"ఇప్పుడైనా వెయ్యి." నీళ్లు మెడ దాటాయి.

"ఎజ్రా సంగతి."

గడ్డం తడిశాక చెప్పింది, ఏడుస్తూ, మొత్తం. తూనీగ తనేనని, ముఠా పేర్లతో సహా. టోపీలో ట్రాన్స్‌మిటర్ అంతా వింది.

"నువ్వు పిలిస్తే ఏమన్నాడు?"

"బర్గర్ చల్లారిపోతుంది, త్వరగా చెప్పు అన్నాడు."

వేడ్ కొరికిన బర్గర్‌ని కాగితంలో చుట్టి పక్కన పెట్టేశాడు. తాడు చేతిలోనే ఉంది. చాలాసేపు దాన్ని అలాగే పట్టుకుని ఆమె కళ్లలోకి చూశాడు. ఆ భయం తనివితీరా చూశాక విసిరాడు.

"తాడు లేకపోయినా మునిగేది కాదు," అంది యూలా, వేడ్‌కి మంచినీళ్లందిస్తూ. "పోటు వెనక్కి మళ్లి అయిదు నిమిషాలైంది. గోడ మీద వేళల పట్టీ ఉందిగా."

"నేను చదివాను పెద్దమ్మా. ఆమె చదవలేదు."

టోపీలో చీఫ్ గొంతు గరగరమంది. "ప్రాణంతోనేనా?"

"ప్రాణంతోనే సార్," అన్నాడు వేడ్. "ఉప్పే కాస్త ఎక్కువైంది."