వేపచెట్టుకు కఫీల్

నవతను నేను మొదటిసారి దొంగగా పట్టుకున్నాను.

దుబాయ్‌లోని అల్ కుసైస్‌లో ఒక బిల్డింగ్‌కి నేను ఫెసిలిటీస్ సూపర్‌వైజర్ని. లిఫ్ట్ ఆగినా, ఏసీ కారినా ఫోన్ నాకే వస్తుంది. ఆ మార్చిలో ఒక కొత్త కంప్లయింట్ వచ్చింది. పార్కింగ్ వెనకున్న వేపచెట్టు రెమ్మల్ని పొద్దున్నే ఎవరో తుంచుకుపోతున్నారట. మర్నాడు ఆరింటికే వెళ్లి కాపు కాశాను.

ఆకుపచ్చ చుడీదార్‌లో ఒక అమ్మాయి వచ్చింది. చెట్టు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ఏదో అడిగింది. జవాబు అందినట్టు తలూపి, అప్పుడు ఒకే ఒక్క రెమ్మ తుంచింది.

"మేడం, అలౌడ్ నహీ హై," అన్నాను వీలైనంత గంభీరంగా.

ఆమె నా బ్యాడ్జ్ వైపు చూసి, తనలో తనే తెలుగులో గొణుక్కుంది. "ఈ దేశంల చెట్టుకు గూడ కఫీల్ ఉన్నడా?"

మనల్ని ఇక్కడికి రప్పించి, మన వీసాను గుప్పిట్లో పెట్టుకునే యజమానిని కఫీల్ అంటాం. నాకు నవ్వాగలేదు.

"ఉన్నడు. నేనే. మాది మెట్‌పల్లి," అన్నాను.

ఆమె ముఖం చూడాలి. రెమ్మను చటుక్కున వెనక్కి దాచేసి, "మాది కోరుట్ల," అని చెప్పి, చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లిపోయింది. మా ఊరి నుంచి వాళ్ల ఊరికి బస్సులో అరగంట. కలుసుకోవడానికి మాత్రం ఇద్దరం సముద్రం దాటి రావలసి వచ్చింది.

ఆ కంప్లయింట్‌ను అదే రోజు క్లోజ్ చేశాను.

నెల తిరిగేసరికి మేమిద్దరం కరక్ చాయ్ తాగేంత స్నేహితులమయ్యాం. నవత ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్. 2021లో వచ్చింది. ఒక గదిలో ఆరుగురు, ముఖానికి మాస్కులు, పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అలాంటి రోజుల్లో రక్తపరీక్షకు రసా అనే లిథువేనియా మ్యూజిక్ టీచర్ వచ్చిందట. ఆమె మెడలో చిన్న సూర్యుడి బిళ్ల ఉంది. సూది గుచ్చుతూ అదేంటని అడిగితే, ఆ మాట మరో ఆరు నెలల మాటలకు దారి తీసింది.

రసా, ఇంకో నలుగురు కలిసి నేలకూ పొద్దుకూ రుతువులకూ దండం పెట్టుకుంటారు. పేగన్లమని చెప్పుకుంటారు. వాళ్లకు పుస్తకం లేదు, గురువు లేడు. నవత వాళ్లలో ఆరోది.

ఇంత చక్కగా చెప్తున్న పిల్లను నేను అడిగిన ప్రశ్న ఇది: "అంటే చేతబడి లాంటిదా?"

నవత చాయ్ సగంలో వదిలేసి లేచిపోయింది.

తర్వాత మూడు రోజులు వేపచెట్టు చిగుళ్ల ఫోటోలు పంపిస్తూనే ఉన్నాను. నాలుగో రోజు జవాబు వచ్చింది. "చెట్టును అడిగి తీస్తున్నవా ఫోటోలు?" ఆ సంతోషంలో నాలుగు అంతస్తుల మెట్లు పరుగెత్తి ఎక్కాను. ఆ రోజు లిఫ్ట్ బాగానే పనిచేస్తోంది.

జూలైలో, మెట్రో కోసం నిలబడ్డప్పుడు, పెళ్లి మాట ఎత్తాను. నవత పట్టాల వైపు చూస్తూ, అంతకుముందు ఒక సంబంధం కుదిరినట్టే కుదిరి తప్పిపోయిందని చెప్పింది. ఆ అబ్బాయి మొదట సరే అన్నాడట. తర్వాత ఆ గుంపును మానుకొమ్మన్నాడట.

"నాకు దాచుకుని బతుకుడు రాదు దయాకర్. మీ అమ్మకు చెప్పు. ఆమె సరేనంటెనే నేనూ సరే. సుహైల్ పొడిచే రోజు దాకా చూస్త."

రసా వాళ్ల దేశంలో ఆకులు రాలేటప్పుడు పండగ చేస్తారు. ఇక్కడ రాలేది మన చెమటే. అందుకే ఈ ఆరుగురూ తమ ఏడాదిని సుహైల్ చుక్కతో మొదలుపెట్టుకున్నారు. ఆగస్టు చివర్లో తెల్లవారుజామున అది దక్షిణాన కనిపిస్తే ఎండాకాలం విరిగినట్టేనని ఇక్కడి అరబ్బులు తరతరాలుగా చెప్పుకుంటారు.

మా అమ్మను మేం అవ్వ అంటాం. పేరు లక్ష్మవ్వ. ఆమెకు చెప్పాలని రోజూ ఫోన్ చేసి, రోజూ వానల గురించి అడిగి పెట్టేసేవాణ్ని. ఈలోపు నవత ఆ ఉదయానికి నన్ను కూడా రమ్మంది. ఎవరింటి నుంచి వాళ్లు ఏదో ఒకటి తేవాలట. మా ఇంట్లో నాకు తెలిసింది పోచమ్మకు పెట్టే బోనం ఒక్కటే. పని మధ్యలో అవ్వకు ఫోన్ చేసి వేపమండలు, పసుపు, పెరుగన్నం ఎలా పెట్టాలో అడిగాను.

అవ్వ గొంతు తగ్గించింది. "ఎవలకు బిడ్డా?" అంది.

"నాకే అవ్వా," అన్నాను. లిఫ్ట్ తలుపులు మూసుకున్నాయి, సిగ్నల్ పోయింది.

మా వైపు ఆ మూడూ కలిపి ఎవరైనా అడిగితే, ఆ ఇంట్లో ఒకరికి అమ్మవారు పోసిందనే అర్థం. అవ్వ వెంటనే నా రూమ్మేట్ భీమరాజుకు ఫోన్ చేసింది. సాయంత్రం గదికి వెళ్లేసరికి నా మంచం బాల్కనీలో ఉంది. దాని నిండా వేపాకు పరిచి ఉంది. భీమరాజు తలుపు సందులోంచి అన్నం గిన్నె జరిపి, ముదీర్‌కు, అదే మా మేనేజర్‌కు, చెప్పేశానని, మూడు రోజులు డ్యూటీకి రావద్దన్నాడని అన్నాడు. ఒంటి మీద ఒక్క పొక్కు లేదని చొక్కా విప్పి చూపించినా నమ్మలేదు. ఇంకా బయటికి రాలేదేమో అన్నాడు.

నిజం చెప్పాలంటే నవత మాట కూడా చెప్పాలి కాబట్టి అవ్వ ఫోన్లు ఎత్తలేదు. ఆ మూడు రోజుల సెలవూ నాకు వరమైంది. బర్ దుబాయ్‌లో మట్టికుండ వెతికి పట్టుకున్నాను. పసుపు పూశాను, బొట్లు పెట్టాను. మొదటి అన్నం మాడింది, రెండోది జావైంది, మూడోది కుదిరింది.

సుహైల్ రోజున ఊరి బయట ఇసుకలో ఏడుగురం గుండ్రంగా నిలబడ్డాం. నా బోనం మధ్యలో ఉంది, దాని మీద దీపం. దక్షిణాన దుమ్ము పొర మీద తెల్లటి చుక్క ఒకటి వణుకుతూ తేలింది. రసా నా భుజం పట్టుకుని ఊపేసింది. అప్పుడు ఒక్కొక్కరూ తమకు దొరికినదానికి థాంక్స్ చెప్పాలి. ఏమీ అడగకూడదు. అదొక్కటే వాళ్ల రూల్.

నా వంతు వచ్చింది. నోరు తెరిచాను. జేబులో ఫోన్ మోగింది.

అవ్వ వీడియో కాల్. అక్కడ అప్పటికే తెల్లవారింది. వెనక వాకిట్లో చల్లిన కళ్లాపి తడి మెరుస్తోంది.

"పొక్కులు మాడినయా కొడుకా? ఏదీ, మొఖం సూపియ్."

ఇక తప్పించుకునే దారి లేదు. అమ్మవారు పోయలేదని, అబద్ధం కాదు పొరపాటని, ఈ అమ్మాయి నవత అని, ఆమెను చేసుకోవాలనుకుంటున్నానని ఒక్క గుక్కలో చెప్పేశాను. నవత నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. తాము ఎవరో, ఏం చేస్తారో, ఇది మానుకోనని కూడా దాచకుండా చెప్పింది.

అవ్వ ఫోన్‌ను కంటికి దగ్గరగా పెట్టుకుని ముందు బోనాన్ని చూసింది. వేపమండలు తిరగేసి కట్టానని నన్ను తిట్టింది. తర్వాత నవతను అడిగింది.

"మరి మీరందరు గూడి ఏం మొక్కుకుంటరు బిడ్డా?"

"ఏం అడగమమ్మా. ఇచ్చినదానికి దండం పెడతం, అంతే. మీరు చేసే తీరు గాదు మాది."

అవ్వకు ఇది అస్సలు నచ్చలేదు. పరాయి దేశంలో ఒంటరిగా ఉన్న ఆడపిల్ల ఏమీ అడక్కుండా ఎలా ఉంటుందని కాసేపు గొణిగింది. నవత కళ్లు దించుకుంది.

"సరే తియ్. నీ తీరు నీది. నువ్వు అడగకు," అంది అవ్వ చివరికి. "నీ వంతు గూడ నేనే అడుగుత."

"ఏమని?" నవత గొంతు వినిపించీ వినిపించనట్టుంది.

"మా పిలగాన్ని నీకియ్యమని."

పెళ్లై ఈ రోజుకు నలభై రోజులు. పొద్దున్నే ఇద్దరం కలిసి వేపచెట్టు దగ్గరికి వెళ్తాం. ఆమె చెట్టును అడుగుతుంది. తర్వాత నా వైపు తిరిగి చెయ్యి చాపి, "కఫీల్ సార్, పర్మిషన్?" అంటుంది.

నేను రోజూ కాసేపు ఆలోచిస్తున్నట్టు నటిస్తాను. ఆ చెయ్యి ఇంకాసేపు అలాగే ఉంటుందని.