ఆకలిగొన్న కపాలం

అసుర సంధ్యవేళ...!

ఇయా లోయ మీద ఆకాశం కమిలిన గాయంలా ఎర్రబడి, అంతలోనే నల్లబడింది. కొండల వెనుక ఒక ఉరుము బయటికి రాలేక గొంతులోనే గుర్రుమంది. దేవదారు కొమ్మ మీది గుడ్లగూబ ఒక్కసారి కూసి... ఏదో చూసినట్టు ఠక్కున ఆగిపోయింది!

ఏటి ఒడ్డున, పొగలు కక్కుతున్న వేడినీటి మడుగులో చిగుసా మెడదాకా మునిగి కూర్చుంది. తొకుషిమా పట్నంలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే పంతులమ్మ. సోమవారం కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఆలోగా నాలుగు రోజులు ప్రశాంతంగా గడుపుదామని మసునో అనే పెద్దావిడ నడిపే ఈ కొండ సత్రానికి వచ్చింది.

ప్రశాంతత...? వచ్చిన క్షణం నుంచీ ఆమెకు కుదురు లేదు. పుస్తకం తెరిస్తే అక్షరం నిలవదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు. చాప మీద పడుకుంటే ఎవరో తన మెడ వాసన చూస్తున్నట్టు...!

ఆమె సాక్ష్యం చెప్పవలసింది ఉజాకి అనే మాంత్రికుడి మీద. నిరుడు ఆమె విద్యార్థిని తల్లి అతడిని నమ్మి మందులు మానేసి, విలవిల్లాడి ప్రాణం విడిచింది. ఉజాకి ఆ మందుసీసాలను మోరీలో ఒంపడం చిగుసా కళ్లారా చూసింది. చూసింది చూసినట్టు పోలీసులకు చెప్పింది. జామీను మీద బయటికొస్తూ ఆ క్షుద్రుడు ఆమె చెవి దగ్గర వంగాడు.

"ఏ నోటితో చెప్పావో ఆ నోటితోనే మొరుగుతావు, టీచరమ్మా!"

ఆ మాట గుర్తొచ్చి ఆమె నీళ్లలోంచి లేవబోయింది. సరిగ్గా అప్పుడే... కడుపులో ఎవరో పిడికిలి బిగించినట్టు ఆకలి! మనిషి ఎరుగని, మహారణ్యం లాంటి ఆకలి!

ఆమె సత్రంలోకి వచ్చి కూర్చోగానే మసునో భోజనం పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. ఉప్పు రాసి నిప్పుల మీద కాల్చిన ఏటిచేప, వేడి వేడి అన్నం, గోధుమరంగు పులుసులో తోఫు అనే సోయా జున్ను ముక్కలు. చిగుసా అన్నం తినే పుల్లలు ముట్టలేదు. రెండు చేతులూ నేలకానించి, ముఖం పళ్లెంలోకి దించింది!

"అమ్మాయీ... ముల్లు! గొంతులో దిగుతుంది!"

ముల్లు, తల, తోక... కరకరా నమిలి మింగేసింది. వంటవాడు తొకుజో తడి చేతులు తుడుచుకుంటూ తొంగిచూశాడు. డెబ్భై ఏళ్ల ముసలాడు.

"నా వంట మెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు గానీ అమ్మగారూ, పళ్లెం నాకినవాళ్లు..."

చిగుసా తలెత్తింది. ఆ కళ్లు చూసి ముసలాడి పరిహాసం నోట్లోనే చచ్చిపోయింది. పచ్చని జ్వాలలు! పెదవులు వెనక్కి ముడుచుకుని, పళ్లు బయటపడి...

"భౌ...!!"

రెండు రోజులు గడిచాయి. కుండల కొద్దీ అన్నం తిన్నా ఆమె డొక్క వీపుకంటుకుపోతూనే ఉంది. కొండచరియ విరిగి రోడ్డు మూసుకుపోయింది, డాక్టరు రాలేనన్నాడు. తొకుజో గొంతు తగ్గించి మసునోకు చెప్పాడు.

"ఇది కుక్క దెయ్యం అమ్మగారూ. మా తాత చెప్పేవాడు. బతికున్న కుక్కని మెడదాకా పాతిపెడతారంట. మూతికి అందీ అందకుండా అన్నం పెడతారంట. ఆకలితో దానికి పిచ్చెక్కాక తల నరుకుతారు. ఆ పుర్రె ఎవడి దగ్గరుంటే వాడు ఉసిగొల్పిన వాళ్ల మీద పడుతుంది."

"ఛీ! అలా చేసేవాడూ ఒక మనిషేనా!" అంది మసునో.

ఆ సాయంత్రమే గుమ్మంలో నీడ పడింది. తెల్లని వస్త్రాలు, నల్లని చిరునవ్వు... ఉజాకి! ఏటి అవతలి పాత బొగ్గుబట్టీ దగ్గర మకాం వేశాడు. చేతిలో ఒక కాగితం.

"అబద్ధం చెప్పానని రాసి వేలిముద్ర వేయమనండి. ఈ క్షణమే వదిలేస్తాను."

చిగుసా చాప మీద పాకుతూ వచ్చింది. గుర్రుమంటున్న గొంతును చీల్చుకుని, రక్తం కక్కినట్టు, ఆమె సొంత మాట ఒక్కటి బయటపడింది.

"రా...య...ను!"

"విన్నావుగా? గుమ్మం దిగు!" మసునో చీపురు అందుకుంది.

"రేపు పొద్దుపొడిచేసరికి అది ఆమె పేగులు తింటుంది. చూస్తూ కూర్చో!"

అతడు వెళ్లాక మసునో ఖాళీ అన్నం కుండల వైపు చూసింది. ఈ పిల్లకు ఎంత పెట్టినా ఈ పిల్ల కడుపులోకే పోతోంది. కానీ ఆకలిగా ఉన్నది ఈ పిల్లకు కాదే! దాని నోరు ఇక్కడ లేదు... ఏటి అవతల, వాడి దగ్గరున్న పుర్రెకుంది!

"తొకుజో, తెల్లవారకముందే లేచి అన్నం వండు. చేపకి ఉప్పు రాయకు. ముళ్లన్నీ తీసెయ్యి."

"ఎవరికమ్మా?"

"కుక్కకి."

తూర్పు ఇంకా తెల్లబడలేదు. ఏటి మీద తీగల వంతెన ఉయ్యాలలా ఊగుతోంది. అడుగుకీ అడుగుకీ మధ్య సందుల్లోంచి నల్లని నీళ్లు బుసలు కొడుతున్నాయి. అరవై ఏళ్ల మసునో పళ్లెం గుండెకు హత్తుకుని ఒక్కొక్క తీగె దాటింది.

బొగ్గుబట్టీ ముందు దీపం. నల్లగుడ్డ మీద... శునక కపాలం! దానికి జానెడు దూరంలో పొగలు కక్కుతున్న అన్నం గిన్నె! చచ్చిన తరువాత కూడా ఆ జీవికి ఆ నికృష్టుడు అన్నం చూపిస్తూనే ఉన్నాడు!

మంత్రం ఆపి ఉజాకి పగలబడి నవ్వాడు. "ఎముకకి విందు తెచ్చావా, ముసలీ?"

మసునో వంగి, పళ్లేన్ని కపాలం కోరలకు ఆనించి పెట్టింది.

"తిను తల్లీ... ఎవరూ లాక్కోరు."

ఫెళఫెళారావంతో పిడుగు! దీపం ఆరింది. ఆ చీకట్లో... చప్పుడు. నాలుకతో గతికే చప్పుడు! మెరుపుల వెలుగులో అన్నం కుప్ప కళ్లముందే కుంగిపోయింది. చేప మాయమైంది. చివరికి ఒక నిట్టూర్పు... యుగాల ఆకలి తీరిన నిట్టూర్పు!

కపాలం మెల్లగా ఉజాకి వైపు తిరిగింది.

"ఆగు! నా ఆజ్ఞ! నేను నీ యజమానిని...!"

కనిపించని పంజాల కింద ఎండుటాకులు నలిగాయి. అతడు వెనక్కి వెనక్కి నడిచి బట్టీలోకి దూరాడు. శిథిలమైన మట్టికప్పు భీకరంగా కూలింది! ధూళి అణిగేసరికి... మెడదాకా మట్టిలో ఉజాకి! ముఖానికి జానెడు దూరంలో అతడు పెట్టిన అన్నం గిన్నె!

"అమ్మా... తవ్వు! నీకు దణ్ణం పెడతాను, తవ్వు!"

ఎంతైనా మనిషి. మసునో ఖాళీ పళ్లెంతో, గోళ్లతో మట్టి తోడింది. తోడేకొద్దీ పైనుంచి జారుతూనే ఉంది. ఆమె భుజం పక్కనుంచి వెచ్చని ఊపిరి ఒకటి దాటిపోయింది. ఆమెను తోయలేదు, తాకనైనా లేదు. నేరుగా ముందుకు వెళ్లింది.

"వద్దు... వద్దూ...!!"

లోయంతా ప్రతిధ్వనించిన ఆ కేక సగంలో తెగిపోయింది. అతడి కంఠం మీద లోతుగా కోరల గుర్తులు! కపాలం ఉన్నచోట గుప్పెడు తెల్లని పొడి. గాలికి అదీ లేచిపోయింది.

మసునో ఎలా వెనక్కి వచ్చిందో ఆమెకే తెలియదు. కాగితపు తలుపుల మీద ఎండ పడింది. చిగుసా గోడకానుకుని కూర్చుని ఉంది. కళ్లు నల్లగా, అలసటగా... మనిషి కళ్లు! పక్కన తొకుజో అన్నం గిన్నె పట్టుకుని బెదురుగా నిలబడ్డాడు.

"కాస్త టీ ఇస్తారా, అమ్మగారూ?" అడిగింది ఆమె, మసునోను చూసి.

"అన్నం... అన్నం తినవా అమ్మాయీ?"

"వద్దండీ," అంది చిగుసా. "ఆకలిగా లేదు."

మసునో మట్టిచేతులతోనే గుమ్మంలో కూలబడి భోరున ఏడ్చింది.