గుండె వైపు ఎరుపు దీపం

నారాయణఖేడ్ ప్రయాణికుల బంగళాలో టెలిఫోన్ రెండుసార్లు మోగి ఆగింది. మళ్లీ మోగగానే ఏజెంట్ జగన్నాథ్ రిసీవర్ ఎత్తాడు.

“కందులు ఏ ధర?” చీఫ్ గొంతు.

“తడిసిన కందులకు ధర లేదు.”

కోడ్ సరిపోయింది.

“ఈ రాత్రి మంజీర జలాశయం మధ్యలో రాడార్ మైక్రోఫిల్మ్ చేతులు మారుతుంది. విదేశీ ముఠా మోటార్ బోటులో వస్తుంది. ఫిల్మ్ తెచ్చేది లిదియా.”

వచ్చే నెల తమ పెళ్లికి లిదియా ఎంచుకున్న చీర రంగు కూడా జగన్నాథ్‌కు తెలుసు.

“ఆమె మన మనిషి, సర్.”

“వాళ్ల మనిషి కూడా. ఫిల్మ్ దాటకూడదు. ఆమెను ప్రాణాలతో తేగలిగితే సంతోషం.”

సాయంత్రానికి అతడు పంచె ఎగ్గట్టి, తలకు రుమాలు చుట్టి, జాలరి వేషంలో, ఆ ఊరి జాలరి యాదయ్య నడిపే పుట్టి ఎక్కాడు. వెదురుతో అల్లిన గుండ్రని పడవ అది.

“గా మేడం మా బామ్మర్ది పుట్టి కిరాయికి తీస్కున్నది సార్. ఒక దిక్కు ఎర్ర దీపం, ఒక దిక్కు పచ్చ దీపం కట్టించింది. పెండ్లి పందిరి లెక్క!” అని యాదయ్య నవ్వాడు.

ఆ దీపాల పాఠం విశాఖలో లిదియాకు చెప్పింది జగన్నాథే. పడవకు ఎడమన ఎరుపు, కుడిన ఆకుపచ్చ. “ఎడమంటే గుండె వైపు, మరిచిపోకు” అన్నాడు. రెండూ కలిసి కనబడితే పడవ మనకు ఎదురుగా వస్తున్నట్లు. చీఫ్ చెప్పిన ముఠా గుర్తు కూడా అదే: రెండు దీపాలూ నిలకడగా కనబడితేనే దగ్గరికి రావాలి. ఆమెకు అతడు నేర్పిన నిబంధన ఇంకొకటుంది: మరీ చిన్న పడవకైతే తెల్లని టార్చి ఒక్కటి చాలు. ఎదురుగా ఏదైనా వస్తుంటే ఢీకొనకముందే చూపాలి.

“పుట్టికి ముంగటేది, ఎనకేది సార్? అది గిర్రున తిరుగుతనే ఉంటది గద!”

అంత తెలివైన పిల్ల ఇంత చిన్న విషయంలో పొరబడిందేమిటి? ఆ పొరపాటే అతనికి దారి చూపింది.

“జలాశయం కట్టినప్పుడు మునిగిపోయిన మీ ఇంటి గోడ ఎక్కడ, యాదయ్యా?”

“గీడనే. జానెడు నీళ్ల కింద. మా అవ్వ కట్టిన గోడ సార్, జల్దీ కూలదు.”

గోడకు ఒడ్డు వైపున రెండు గుంజలు పాతి, నీటి మీద నుంచి వచ్చేవాడికి ఎరుపు కుడిచేతి వైపు కనబడేలా దీపాలు కట్టారు. ఒడ్డున పోలీసులు పొంచి ఉన్నారు. యాదయ్య తన పుట్టిలోని లాంతరు ఆర్పేశాడు.

పదకొండు గంటలకు మోటార్ బోటు చప్పుడైంది. దూరంగా లిదియా పుట్టి ఒకసారి ఎరుపు, ఒకసారి ఆకుపచ్చ చూపుతూ తిరుగుతున్నది. బోటు తటపటాయించింది. అంతలో నిలకడగా వెలుగుతున్న జంట దీపాలు కనబడ్డాయి. బోటు వేగం పెంచి నేరుగా వచ్చి గోడకెక్కి పగిలింది. సెర్చ్‌లైట్లు వెలిగాయి.

“లాంతరు ముట్టియ్యనా సార్?”

“టైం లేదు. ఆమె వైపు పోనీ!”

చీకట్లో ఒక నల్లని ఆకారం తన మీదికి రావడం లిదియా చూసింది. వెంటనే టార్చి వెలిగించింది. పగిలిన బోటులో నుంచి ఎవడో ఆ వెలుగుకే గురిపెట్టి కాల్చాడు.

జగన్నాథ్ ఆమె పుట్టిలోకి దూకేసరికి టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది; ఆమె ఎడమ వైపు నెత్తురు.

“నువ్వా? దీపం లేకుండా వస్తావేం?” అన్నది లిదియా. ఫిల్మ్ డబ్బా అతని చేతిలో పెట్టింది. “పుట్టి తిరుగుతుందని నాకు తెలియదనుకున్నావా? వాళ్లు నా దగ్గరికి రాకూడదనే దీపాలు అలా కట్టించాను. నువ్వు గ్రహిస్తావనుకున్నాను.”

ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. యాదయ్య తన తువ్వాలు తీసి ఆమె మీద కప్పాడు. “అయ్యో బిడ్డా!” అన్నాడు.

మరునాడు టెలిఫోన్ మళ్లీ మోగింది.

“దేశం నీకు రుణపడి ఉంది, జగన్నాథ్. రిపోర్టులో ఒక గడి ఖాళీగా ఉంది. నీ పడవకు ఏ దీపం ఉంది?”

“ఏదీ లేదు, సర్.”

“అది నిబంధనలకు విరుద్ధం.”

“అవును, సర్. నేను నేర్పినవాణ్ణి మాత్రమే. పాటించింది ఆమె.”