లేని బాబుకు కొన్న పుస్తకాలు

"బాబుకు ఎన్నేండ్లు, మేడమ్?"

కౌంటర్ వెనక నిలబడ్డ అబ్బాయి అడిగిన మొట్టమొదటి ప్రశ్న అది. భార్గవి తెల్లబోయింది. ఆటిజం మీద పుస్తకాలున్నాయా అని కదా తను అడిగింది! మధ్యలో ఈ బాబు ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడు?

అనుకోని ప్రశ్న ఎదురైతే భార్గవికి జవాబు అప్పటికప్పుడు రాదు. బస్సెక్కి, ఇంటికి చేరి, అన్నం కలుపుకుంటుంటే వస్తుంది. అందుకే నోరు తెరిచి మళ్లీ మూసేసింది. అబ్బాయి దాన్ని కన్నతల్లి బాధ అనుకున్నాడు.

"చెప్పబుద్ధి గాకపోతే వద్దు మేడమ్. పుస్తకాలు నేను తెప్పిస్త, మీరు ఫికర్ చేయకుండ్రి."

ఎంత మెత్తగా అన్నాడంటే, కాదని చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. అట్లా భద్రాచలం బస్టాండు పక్కనున్న పుస్తకాల షాపులో, పెళ్లే కాని భార్గవికి ఒక కొడుకు పుట్టుకొచ్చాడు.

భార్గవిది పినపాక పక్కన తండా. అక్కడే వ్యవసాయ విస్తరణాధికారిగా పనిచేస్తోంది. ఇరవై తొమ్మిదేళ్లు నిండాక, హైదరాబాద్‌లో ఒక డాక్టరమ్మ కూర్చోబెట్టి, "నీకు పుట్టినప్పటి నుంచీ ఆటిజం ఉందమ్మా" అని చెప్పింది. భార్గవికి ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. పెళ్లిలో డీజే మోగితే తను ఎందుకు పారిపోతుందో, పెళ్లిచూపుల్లో ఎందుకు బిగుసుకుపోతుందో ఇప్పటికి తెలిసింది. పొగరనీ, తిక్కనీ జనం పెట్టిన పేర్లన్నీ తప్పని తేలింది. మరి తనెవరో తనకు చెప్పేదెవరు? ఫోన్‌లో వీడియోలు చూస్తే తల తిరుగుతుంది. పుస్తకమైతే నెమ్మదిగా, ఆగి ఆగి చదువుకోవచ్చు.

షాపు అబ్బాయి పేరు కోటేష్. అన్నట్టే తెప్పించాడు. తీరా చూస్తే అన్నీ తల్లుల కోసం రాసినవే! పిల్లాడికి చెంచా పట్టడం ఎలా నేర్పాలి, బొమ్మలతో ఎలా ఆడించాలి... ఆ రాసినవాళ్ల లెక్కన ఈ పిల్లలు ఎప్పటికీ పెద్దవాళ్లే కారు కాబోలు.

అయినా ప్రతి రెండో శనివారం భార్గవి భద్రాచలం బస్సెక్కేది. పుస్తకాల కోసమేనని తనకు తాను చెప్పుకునేది.

"బాబు అన్నం మంచిగ తింటడా?" అనేవాడు కోటేష్.

భార్గవికి అబద్ధమాడటం చేతకాదు. అందుకే నిజమే చెప్పేది, తన సంగతి. "పప్పన్నముంటే చాలు. రెండు కూరలు కలిస్తే ముద్ద దిగదు."

"చప్పుడైతే?"

"అస్సలు పడదు. గీ ట్యూబ్‌లైట్ గుయ్యిమంటున్నది చూడుండ్రి, దీనికే తల నొస్తది."

తర్వాతిసారి వచ్చేసరికి ట్యూబ్‌లైట్ లేదు. షాపంతా బల్బుల పసుపు వెలుగు. "బాబును తోలుకొస్తరేమోనని మార్చిన" అన్నాడు కోటేష్ సిగ్గుపడుతూ. తనకోసం ఇంతగా ఆలోచించిన మనిషిని భార్గవి అంతవరకు చూడలేదు. అది తనకోసమేనని అతనికి తెలియదు, అంతే.

సరిగ్గా ఆ రోజు నుంచే అతను మేడమ్ అనడం మానేసి "అక్కా" అనడం మొదలుపెట్టాడు. భార్గవికి మనసు చివుక్కుమంది. ఆమె లెక్కలో అక్కా అంటే అక్కే.

ఆమె మొహం చూసి తల్లి హేమ్లి, తండా మాటలో యాడి, నిలదీసింది. విషయమంతా విని నెత్తి కొట్టుకుంది. "అబద్ధం చెప్పలేదంటవ్, నిజం గూడ చెప్పలేదంటవ్! ఇదేం తమాషానే? పోయి చెప్పెయ్యరాదూ!"

"చెప్తే ఆయన గూడ అందరి లెక్కనే చూస్తడు, యాడీ. నేను భయం లేకుండ మాట్లాడే జాగ అదొక్కటే. అది గూడ పోతే ఎట్ల?"

హేమ్లి గిన్నె దగ్గరికి లాక్కుని కూతురికి పప్పన్నం కలిపింది.

జూలైలో ముసురు పట్టింది. గోదావరి పెరుగుతోందని ఊళ్లో జనం పల్చబడ్డారు. షాపులో భార్గవి ఒక్కతే. కోటేష్ పార్శిల్ విప్పాడు.

"అక్కా, ఇది వేరే రకం. రాసినామెకు పెద్దయినంకనే తెలిసిందట, ఆటిజమని. బాబు ఎదిగినంక పనికొస్తదని తెప్పించిన."

భార్గవి నిలబడే చదవడం మొదలుపెట్టింది. చుట్టాలు వెళ్లిపోయాక వాళ్లతో అన్న ప్రతి మాటనూ మనసులో మళ్లీ అప్పజెప్పుకునే ఒకామె. పక్కవాళ్లను చూసి ఎప్పుడు నవ్వాలో నేర్చుకున్న ఒకామె. ప్రపంచంలో ఇట్లాంటిది తనొక్కతే అనుకుంది ఇన్నాళ్లూ! కళ్లు నిండి చుక్కలు పేజీ మీద పడ్డాయి.

"ఏమైంది అక్కా? బాబుకు బాగలేదా?"

ఇక దాచడం తన వల్ల కాదనిపించింది. "బాబు లేడు."

కోటేష్ మొహం పాలిపోయింది. "అయ్యో! ఎప్పుడు?"

"పోలేదు! అసలు పుట్టనే లేదు! నాకు పెండ్లే కాలేదు. ఆటిజం నాకే. పప్పన్నం తినేది నేనే, చప్పుడు పడనిది గూడ నాకే. మొదటి రోజే చెప్పాల్సింది, నోరు రాలేదు."

కోటేష్ పార్శిల్ కాగితాన్ని మడతపెట్టి పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "పెండ్లి కాలేదా?"

"గింత చెప్తే మీకు అదొక్కటే ఇనబడ్డదా?"

కోటేష్ పకపకా నవ్వాడు. కౌంటర్ మీద చరిచి మరీ నవ్వాడు. భార్గవి మొహం మాడిపోయింది. ఇట్లాంటి నవ్వులు బళ్లోనూ విన్నది, ఆఫీసులోనూ విన్నది. పుస్తకం అక్కడే పెట్టేసి, వానలోనే గబగబా నడిచి పినపాక బస్సెక్కింది.

బస్సు కదలబోతుండగా కోటేష్ ఎక్కాడు, నిలువునా తడిసి, చొక్కా లోపల పుస్తకం దాచుకుని.

"ఎందుకు నవ్విండ్రు? సూటిగ చెప్పుండ్రి. చుట్టు తిప్పి చెప్తే నాకు తెల్వదు" అంది భార్గవి.

"సంతోషం పట్టలేక నవ్విన. మీరంటే నాకిష్టం. ఒక బిడ్డ తల్లిని గట్ల చూసుడు తప్పని, నా మనసుకు బుద్ధి చెప్పుకోనీకె అక్కా అన్న. అన్నప్పుడల్లా పాణం ఉసూరుమనేది."

బస్సులో వాళ్లంతా చెవులు రిక్కించారు. భార్గవి పట్టించుకోలేదు. "మరి నా ఆటిజం?"

"ఆ బాబంటే నాకు పాణం. మీరు చూసిండ్రు గదా! ఆ బాబు మీరే అయితే, ఇగ నేను భయపడేందుకేమున్నది?"

"దిగుతవా, టికెట్ తీస్కుంటవా?" అన్నాడు కండక్టర్.

"పినపాక ఒకటి."

"షాపో?" అంది భార్గవి కంగారుగా.

"టీ కొట్టు సీతయ్యకు చెప్పొచ్చిన."

పుస్తకం ఆమె చేతికిచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. మణుగూరు దాటినా ఒక్క మాట మాట్లాడలేదు, ఏమంటారని అడగలేదు. కిటికీ బయట తడిసిన అడవి వెనక్కి పోతుంటే భార్గవి చదువుకుంటూనే ఉంది. పక్కన మనిషి ఉన్నా ఇంత హాయిగా ఉండొచ్చని ఆమెకు అప్పుడే తెలిసింది.

పినపాకలో హేమ్లి గొడుగుతో ఎదురొచ్చింది. కూతురి వెనకే దిగిన తడి మనిషిని ఎగాదిగా చూసింది.

"ఎవరే ఈయన?"

కోటేష్ తడిసిన చొక్కా సర్దుకుంటూ తల దించుకున్నాడు. భార్గవి మాత్రం తడుముకోలేదు, తల దించుకోలేదు.

"నాకు ఇష్టమైనాయన, యాడీ. నన్ను చేసుకుంటరా అని ఇంట్లకు పోయినంక అడుగుత."