తల పట్టుకున్న చేతులు

జగిత్యాలలోని మా స్కానింగ్ సెంటర్లో ఆ రోజుకి అది పదకొండో స్కాన్. మధ్యాహ్నం మూడు దాటినా అన్నం ముట్టలేదు. నడుము పీకేస్తోంది. ఈ ఉద్యోగం నన్ను తినేస్తోందని రోజూ అనుకుంటాను, రోజూ వస్తాను.

గొల్లపల్లి నుంచి సుస్మిత అనే అమ్మాయి ఆరునెలల కొడుకును తెచ్చింది. మూడు రోజులుగా జ్వరం, పొద్దున ఫిట్స్. మెదడు పొరల్లో చీము చేరిందేమోనని డాక్టరుగారి అనుమానం. చేరితే ఈ పూటే హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించాలి. ఆలస్యమైతే బతకడు.

చంటిపిల్లలైతే తల కదలకుండా ఇంట్లోవాళ్లే పట్టుకోవాలి. సుస్మిత బయట నిలబడి దుబాయ్‌లోని భర్తతో ఫోన్లో ఏడుస్తోంది. లోపల బల్ల దగ్గర ఒక ముసలామె అప్పటికే నిలబడి ఉంది. అత్తగారనుకున్నాను.

"గట్టిగ పట్టుకో అవ్వా."

"పట్టుకున్న," అంది గుసగుసగా.

పిల్లాడు ఇసుమంతైనా కదల్లేదు. బొమ్మలు శుభ్రంగా వచ్చాయి. చీము లేదు. డాక్టరుగారికి ఫోన్లో పంపితే, ఇక్కడే మందులతో చూద్దామన్నారు. హమ్మయ్య అనుకుని, కళ్లు నులుముకుని మళ్లీ చూశాను.

వేళ్లు లేవు...

ఎవరు తల పట్టుకున్నా వేళ్ల ఎముకలు బొమ్మలో పడతాయి. ఆమె చేతులు పిల్లాడి చెవుల మీద ఉండడం మిషన్ గది గాజు కిటికీలోంచి చూశాను. బొమ్మలో ఒక్క ఎముక లేదు.

లోపలికి పరుగెత్తాను. పిల్లాడొక్కడే ఉన్నాడు. ఏసీ గదిలో కాలిన కట్టెల వాసన. వాడి చెవులు చల్లగా ఉన్నాయి.

"మీ అత్త ఏది?" బయటికొచ్చి సుస్మితను అడిగాను.

"నేనొక్కదాన్నే అచ్చిన అన్నా. గామె మీ ఆయమ్మ గాదా?"

అసలే హడలిపోయిన తల్లికి ఏం చెప్పను?

"ఔ చెల్లె, ఆయమ్మనే. మిషన్ మొరాయించింది, మల్లొకసారి తీయాలె. ఈసారి నువ్వే పట్టుకో."

రెండో స్కాన్‌లో తల్లి వేళ్లు పదీ పడ్డాయి. వాటి మధ్య, పుర్రె కింద ఎడమవైపు... చీము. మందంగా. మెదడును పక్కకు నెట్టేస్తూ.

అరగంటలో వాళ్లను అంబులెన్స్ ఎక్కించి కుర్చీలో కూలబడ్డాను. అయినా పిల్లాడు దక్కుతాడనే సంతోషం.

కరీంనగర్ దాటాక సుస్మిత ఫోన్ చేసింది.

"అన్నా, మీ ఆయమ్మను తోడు తోలిచ్చినవు, నీకు పున్నెముంటది. నాకు కండ్లు మూతలు పడుతున్నయి... తలకాయ గామెనే పట్టుకున్నది. పోరడు ఏడుస్తలేడు. కదుల్త గూడ లేడు."